ట్రాక్టరు దమ్ము తగ్గితే డ్రైవరు కూలి కోస్తారా?

పునర్వసు కార్తెలో పత్తి చేలల్లో పని ఎంత ముమ్మరంగా వుంటుందో గద్వాల ప్రాంతంలో కూలికి పోయేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. వాన వెలిసిన రెండు రోజులకు నేల పదును మీదికి వస్తుంది. ఆ పదునులోనే పాటు చేయాలి, మందు వేయాలి, మొక్క మొదళ్లకు మట్టి ఎగదోయాలి. రెండు రోజులు తప్పితే నేల బిగుసుకుంటుంది. మళ్లీ వాన పడితే బురదవుతుంది. సరిగ్గా ఇలాంటి సమయంలో, 2024 వానాకాలంలో, మేము తిరిగే ఒక పల్లెలో ఒక చిన్న ట్రాక్టరు మూడు రోజులపాటు ఆసామిని, డ్రైవరును, పదకొండు మంది ఆడకూలీలను ఏడిపించింది.

స్టార్టు చేస్తే ఒక్క సెల్ఫుకే లేస్తుంది. అరగంట సేపు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆ తర్వాత గొంతు పూడుకుపోయినట్లు మెల్లమెల్లగా దమ్ము తగ్గుతుంది. ఎంత రేజు చేసినా లాగదు. చివరికి ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేసి మళ్లీ స్టార్టు చేస్తే ఏమీ జరగనట్లే లేస్తుంది. మళ్లీ కొంతసేపటికి అదే కథ.

ముందు ఆడకూలీలు మొక్క మొదట్లో మందు వేసుకుంటూ పోతే, వెనుక ట్రాక్టరు మట్టి ఎగదోసుకుంటూ రావాలి. మందు వేసి మట్టి కప్పకుండా వదిలితే ఎండకు, వానకు పోతుంది. అందుచేత ట్రాక్టరు ఆగినప్పుడల్లా కూలీలూ ఆగవలసిందే. వాళ్లు పట్టింది ఎకరాల లెక్కన గుత్త పని. గట్టు మీద కూర్చున్న గంటకు పైసా రాదు.

ఆసామి ఏమన్నాడు? మొదటి రోజు "నీకు బండి నడపరాదు" అన్నాడు. రెండో రోజు "డీజిల్ అమ్ముకొని నీళ్లు కలుపుతున్నవా?" అన్నాడు. మూడో రోజు రెండు దినాల కూలి పట్టుకున్నాడు. దగ్గరి పట్నంలోని ఒక వర్క్‌షాపులో చెబితే, వాళ్లు బండిని కంటితో చూడకుండానే "పంపు దించాలి" అన్నారు. పంపు దించడమంటే వేలతో పని. ఆ ఆసామి కూడా పెద్ద భూస్వామి ఏమీ కాదు, అప్పు చేసి బండి కొని కిస్తీలు కట్టుకుంటున్నవాడు. ఖర్చు మాట వినగానే అతని కోపం రెట్టింపయింది. అది పోయి డ్రైవరు మీదనే పడింది.

డ్రైవరు మా సంఘానికి వచ్చాడు. మేము నలుగురం చేను దగ్గరికి పోయాము.

గట్టు మీది మాట

నిజం చెప్పాలంటే మాలో ఎవరమూ మెకానిక్కులం కాము. మాలో బడి మెట్లు సరిగా ఎక్కినవాళ్లే తక్కువ. మా వెంట వచ్చిన ఒక పెద్దాయన మాత్రం చిన్నతనంలో ప్రాజెక్టు పనులకు పోయి, మట్టి మోసి, తర్వాత రోలరు మీద హెల్పరుగా చేరి, చివరికి రోలరు నడిపినవాడు. ఆయన బండిని ముట్టుకోలేదు. గట్టు మీద కూర్చున్న కూలీల దగ్గరికి పోయి, "ఇది ఎప్పుడెప్పుడు ఆగుతున్నదో మీలో ఎవరన్న చూసిండ్రా అమ్మా?" అని అడిగాడు.

ఒక ఆమె చెప్పింది: "పెద్దయ్యా, పొద్దుగాల ట్యాంకి నిండ డీజిల్ పోసినప్పుడే ఇది సతాయిస్తది. పగటికి సగం అయినంక మంచిగనే నడుస్తది. నేను మూడు దినాల సంది చూస్తున్న."

మూడు రోజులుగా ఆ మాట ఆమె దగ్గర వుంది. ఆసామి అడగలేదు. వర్క్‌షాపువాళ్లు అడగలేదు. నిజానికి డ్రైవరూ అడగలేదు.

పెద్దాయన బండిని మళ్లీ నడపమన్నాడు. అరగంటకు దమ్ము తగ్గడం మొదలుకాగానే ట్యాంకు మూత తిప్పించాడు. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు మాకందరికీ వినిపించింది. రెండు క్షణాల్లో ఇంజను గొంతు సర్దుకుంది. బండి లాగింది.

మూత కింద ఏముంది? మడత పెట్టిన పాలిథిన్ కవరు. వానకు డీజిల్‌లో నీళ్లు పడతాయని ఆసామి ఇంటివాళ్లే పెట్టారు. మా డ్రైవరు రోజూ డీజిల్ పోసేటప్పుడు ఆ కవరు తీసి, మళ్లీ జాగ్రత్తగా పెట్టి, మూత బిగిస్తున్నాడు. మూతకు వూపిరి రంధ్రం ఒకటి వుంటుందని, దాన్ని మూసివేయకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇందులో మా వాడి తెలియనితనం కూడా వుందని ఒప్పుకోవడానికి మాకు సిగ్గు లేదు. అయితే తెలియనితనం వేరు, దొంగతనం వేరు.

ఇందులో మాయ ఏమీ లేదు. ఇంట్లో నూనె డబ్బాకు ఒకవైపే రంధ్రం కొడితే నూనె సరిగా కారదు. రెండోవైపు కూడా చిన్న రంధ్రం కొట్టి గాలి పోనిస్తేనే ధార వస్తుంది. ట్రాక్టరు ట్యాంకుకూ అదే న్యాయం. డీజిల్ బయటికి పోతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు వెనక్కి గుంజుకుంటుంది, పంపుకు డీజిల్ అందదు. ట్యాంకు నిండుగా వున్నప్పుడు పైన గాలి వుండే జాగా తక్కువ కాబట్టి ఆ గుంజుడు త్వరగా వస్తుంది. సగం ఖాళీ అయితే ఆలస్యంగా వస్తుంది. ఆమె చెప్పిన లెక్క అక్షరాలా సరిపోయింది. పది నిమిషాలు ఆపితే సందుల్లోంచి కొద్దికొద్దిగా గాలి చేరి బండి మళ్లీ లేచేది.

వచ్చిపోయే జబ్బు

ఈ ఒక్క బండి కథ చెప్పడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లెల్లో కూడా ఇదే తగాదా రకరకాల రూపాల్లో మా ముందుకు వస్తున్నది. పత్తి సాళ్ల నడుమ తిరిగే చిన్న ట్రాక్టర్లు పెరిగాయి. వాటితో పాటు "బండి మధ్యమధ్యలో దమ్ము తప్పుతున్నది" అనే ఫిర్యాదు, దాని వెంటనే "డ్రైవరుదే తప్పు" అనే తీర్పు కూడా పెరిగాయి. అందుచేత డ్రైవర్లు, హెల్పర్లు, కార్యకర్తలు ఒక మూలసూత్రం గుర్తుపెట్టుకోవాలని మేము కోరుతున్నాము.

అరిగిపోయిన వస్తువు పది నిమిషాలు విశ్రాంతి తీసుకుంటే కొత్తదైపోదు. రింగులు అరిగితే, వాల్వులు కాలితే బండి పొద్దున కూడా బలహీనంగానే వుంటుంది, సాయంత్రం కూడా బలహీనంగానే వుంటుంది. కాసేపు బాగా నడిచి, కాసేపు తప్పి, మళ్లీ బాగయ్యే జబ్బుకు కారణం చాలావరకు తెరుచుకొని మూసుకొనేదో, కదిలేదో, వేడెక్కి చల్లారేదో అయివుంటుంది. ముందు దాన్ని వెతకాలి. పంపు, నాజిళ్ల జోలికి చివరన పోవాలి.

డీజిల్ ఇంజనుకు ప్లగ్గు లేదు, నిప్పు రవ్వ లేదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ను చిమ్మితే అది అంటుకుంటుంది. అంటే దానికి కావలసినవి ముఖ్యంగా మూడే: శుభ్రమైన డీజిల్ తెగకుండా అందాలి, సరిపడా గాలి అందాలి, పుట్టిన వేడి బయటికి పోవాలి. ఖాళీగా తిరిగేటప్పుడు కొద్ది డీజిలే చాలు. లోడు పడితే అంతకు ఎన్నో రెట్లు కావాలి. అందుకే దారిలో ఎక్కడ అడ్డు వున్నా అది చేనులో లోడు మీదనే బయటపడుతుంది, ఇంటి ముందు చూస్తే అంతా బాగానే వుంటుంది. "ఇంటికాడ మంచిగనే వున్నది, నీ చేతిలోకి వస్తేనే ఎందుకు ఆగుతది?" అని ఆసామి అడిగే ప్రశ్నకు జవాబు ఇదే.

వరుసగా చూడాలి

మొట్టమొదట చెవి పెట్టి వినాలి. బండి నెమ్మదించినప్పుడు ఇంజను చప్పుడు కూడా దిగిపోతున్నదా, లేక ఇంజను అదే గొంతుతో అరుస్తూ బండి మాత్రమే ముందుకు పోవడం లేదా? రెండోదయితే అది ఇంజను జబ్బు కాదు, క్లచ్ జారుతున్నది. ఇంజను గొంతే పడిపోతుంటే బ్రేకు పట్టుకొని వుందేమో కూడా చూసి, ఆ తర్వాత డీజిల్ దారి పట్టాలి.

డీజిల్ దారి ట్యాంకు మూత దగ్గర మొదలవుతుంది. దమ్ము తగ్గినప్పుడు మూత వదులు చేసి చూడటానికి ఖర్చు లేదు, పానా కూడా అక్కరలేదు. దాని రంధ్రంలో మట్టి వుంటే సన్నటి తీగతో తీయాలి. మూత పోతే ఏదో ఒక మూత, గుడ్డ, కవరు పెట్టే అలవాటు మానాలి.

తర్వాత ట్యాంకు అడుగు. తుప్పు పెచ్చు, ఆకు ముక్క, గుడ్డ పీలిక అడుగున వుంటే, ఇంజను గుంజినప్పుడు పోయి పైపు నోటికి అడ్డం పడుతుంది. ఆగినప్పుడు విడిపోయి పక్కకు జరుగుతుంది. ఇదీ వచ్చిపోయే జబ్బే. ట్యాంకు ఎత్తులో వున్న బండ్లలో పైపు విప్పి పట్టుకుంటే డీజిల్ ధారగా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే దోషం ఆ పైననే వుంది.

మూడోది నీళ్లు. చాలా బండ్లకు ఫిల్టరు ముందు గాజు గిన్నె గానీ, నీటిని వేరుచేసే గిన్నె గానీ వుంటుంది. డీజిల్ కంటే నీరు బరువు, అడుగున చేరుతుంది. రోజూ పొద్దున స్టార్టు చేయకముందే అడుగు స్క్రూ వదులు చేసి ఆ నీటిని వదలాలి. రాత్రి చల్లదనానికి ఖాళీ ట్యాంకులో లోపలి గోడలకు చెమ్మ పడుతుంది కనుక సాయంత్రమే డీజిల్ నింపి పెట్టడం మంచిది. క్యాన్లలో తెచ్చిన డీజిల్‌ను కాసేపు కదలకుండా వుంచి, శుభ్రమైన గుడ్డతో వడపోసి, అడుగు మడ్డి వదిలేసి పోయాలి. నీరు నిలిచిన డీజిల్‌లో నల్లటి జిగురు కూడా పెరుగుతుంది, అది ఫిల్టర్లను మూసేస్తుంది. ఇక కిరోసిన్ కలిపితే మొదట నష్టపోయేది పంపే, ఎందుకంటే పంపు లోపలి భాగాలకు నూనెలా పనిచేసేది ఆ డీజిలే.

నాలుగోది ఫిల్టర్లు. కంపెనీ పుస్తకంలో ఎన్ని గంటలకు మార్చాలని వుందో అన్ని గంటలకు మార్చాలి. కాగితపు ఫిల్టరును డీజిల్‌లో కడిగి మళ్లీ వేస్తే ఖర్చు తప్పినట్లు కనబడుతుంది కానీ ఆ మట్టి పోయి నాజిళ్లలో కూర్చుంటుంది.

అయిదోది, ఎక్కువగా మోసం చేసేది, ఎయిర్ పట్టడం. ట్యాంకుకు, ఫీడు పంపుకు నడుమ గొట్టం గుంజుడు మీద వుంటుంది. అక్కడ రబ్బరు పగిలినా, రాగి వాషరు నలిగినా డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. కారడం లేదు కదా అని మనం వదిలేస్తాం. ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ కొద్దిగా వదులు చేసి చేతి పంపు కొడితే బుడగలు వస్తాయి. బుడగలు పోయి నికరమైన డీజిల్ వచ్చేదాకా కొట్టి, స్క్రూ బిగించాలి. మరుసటి రోజు మళ్లీ బుడగలు వస్తే ఎయిర్ తీయడం మందు కాదు, గాలి దూరే సందును వెతికి మూయడమే మందు.

ఆరోది గాలి దారి. గట్టు, మల్దకల్ వైపు ఎండిన చేలలో దున్నితే లేచే దుమ్ము మనకు తెలుసు. అది ఎయిర్ క్లీనరులో చేరి ఇంజనుకు వూపిరాడకుండా చేస్తుంది. అప్పుడు లోడు మీద నల్ల పొగ వస్తుంది. నూనె గిన్నె రకమయితే నూనె గీత దాకా వుందో లేదో, బురదయిందో చూడాలి. కాగితపు రకమయితే మెల్లగా తట్టాలి, చిరిగితే మార్చాలి. "క్లీనరు తీసేసి నడుపు, దమ్ము వస్తది" అనే సలహాను ఎన్నడూ వినవద్దు. ఆ దుమ్ము పోయి సిలిండరును గీస్తుంది, ఆ తర్వాత నిజంగానే ఇంజను దించవలసి వస్తుంది.

ఏడోది వేడి. వనపర్తి, నాగర్‌కర్నూల్ పక్క వేరుశనగ పని చేసే బండ్ల రేడియేటరు జాలీలో పొట్టు, ఎండుటాకు నిండుతాయి. ఫ్యాను బెల్టు వదులైనా అంతే. వేడెక్కితే దమ్ము తగ్గుతుంది, చల్లారితే వస్తుంది. జాలీని లోపలివైపు నుంచి బయటికి శుభ్రం చేయాలి. కాగిన రేడియేటరు మూత తీయరాదు.

ఎనిమిదోది చిన్నదే, కానీ చాలామందికి తట్టనిది. ఇంజను ఆపే నాబు కేబులు బిగుసుకొని పూర్తిగా వెనక్కి పోకపోతే, బండి కుదుపులకు అది డీజిల్‌ను సగం మూసేస్తుంది. తాళంతో ఆగే బండ్లలో డీజిల్ ఆపే కరెంటు వాల్వుకు పోయే తీగ వదులైతే, తాళం తిప్పినట్లు ఒక్కసారిగా ఆగిపోతుంది. మెల్లగా తగ్గితే డీజిల్ దారి, ఠక్కున ఆగితే ఈ తీగ చూడాలి.

పొగ కూడా సాక్ష్యం చెబుతుంది. నల్ల పొగ అంటే గాలి చాలలేదు, లేదా లోడు మించింది. తెల్ల పొగ అంటే డీజిల్ సరిగా అంటుకోవడం లేదు, లేదా నీరు చేరింది. నీలి పొగ అంటే ఇంజను ఆయిలు కాలుతున్నది. డీజిల్ అందక దమ్ము తగ్గే బండి మాత్రం పెద్దగా పొగ లేకుండానే నీరసపడుతుంది.

ఇవన్నీ చూసినా జబ్బు పోకపోతే అప్పుడు నాజిళ్లు, పంపు. కాగినప్పుడు మాత్రమే తప్పే అరిగిన పంపులూ వుంటాయి, లేవని మేము అనడం లేదు. కానీ పంపు సీలు తెంపి స్క్రూలు తిప్పడం మన పని కాదు. దాన్ని పరీక్ష చేసే యంత్రం వున్నచోటికే పంపాలి.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

ఒక హెచ్చరిక. నాజిల్ పైపులో డీజిల్ చదరపు సెంటీమీటరుకు 150 నుంచి 250 కిలోల వొత్తిడితో పోతుంది. పైపు కారుతున్నదేమోనని నడుస్తున్న ఇంజను మీద చేయి పెట్టి చూస్తే ఆ సన్నటి ధార సూది కంటే దారుణంగా చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చీమ కుట్టినంతే కనబడుతుంది, చేయి తీసేయవలసిన పరిస్థితి వస్తుంది. అలా జరిగితే వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. లేపి వుంచిన కల్టివేటరు కింద తల పెట్టరాదు. రోటావేటరుకు పోయే షాఫ్టు మీద కవచం లేకపోతే పంచె, తువ్వాలు, చీర కొంగు దాని దగ్గరికి పోరాదు. బండిని బాగుచేయడం మనిషి ప్రాణం కంటే పెద్దది కాదు.

కొందరి ప్రశ్నలు

ఇక్కడ మా సభ్యుల్లోనే కొందరు రెండు ప్రశ్నలు వేశారు. వాటిని దాటవేయడం సరికాదు.

మొదటిది: "ట్రాక్టరు వచ్చి మన పని తీసేసింది. అది ఆగితే మనకేం నష్టం? ఆగనియ్యండి." ఈ బాధ నిజమైనది. నాగలి పోయింది, ఎడ్లు పోయాయి, జీతగాళ్ల పని పోయింది. కానీ ఆగిన బండి పోయిన పనిని తిరిగి తేలేదు. గట్టు మీద కూర్చున్న పదకొండు మంది ఆడకూలీల పూట గడవకుండా చేసింది. గంటకింత అని కిరాయి కట్టి దున్నించుకునే రెండెకరాల రైతు పదునును పోగొట్టింది. పైగా స్టీరింగు పట్టినవాడు ఎవరు? పాలమూరు లేబరు అనే పేరుతో గుంపు మేస్త్రీల దగ్గర అడ్వాన్సులు తీసుకొని దేశంలోని ప్రాజెక్టులకు మట్టి మోసిన తల్లిదండ్రుల బిడ్డే. పార పోయి స్టీరింగు వచ్చింది కానీ పని ఆగితే కూలివాడిదే తప్పనే న్యాయం మాత్రం మారలేదు.

రెండో ప్రశ్న ఇంకా పదునైనది: "డ్రైవరు ఇదంతా నేర్చుకుంటే ఆసామికి మరో మెకానిక్కు ఖర్చు లేకుండా దొరికినట్లే కదా?" అవును, మనం అడగకపోతే అలాగే జరుగుతుంది. ఇప్పటికే పొద్దున గ్రీజు పెట్టడం, ఆయిలు చూడటం, సాయంత్రం కడగడం డ్రైవరే చేస్తున్నాడు. అవేవీ పని గంటల్లోకి రావడం లేదు. కనుక పని నేర్చుకోవడంతో పాటు ఆ పనికి వెల అడగడం కూడా నేర్చుకోవాలి. తెలివి మన దగ్గర లేకపోతే నింద మోస్తాము. తెలివి వుండి సంఘం లేకపోతే వెట్టి మోస్తాము. రెండూ కావాలి.

చట్టం ఏమంటున్నది, సర్కారు ఏం చేయాలి

నష్టం జరిగిందన్న పేరుతో పనివాడికి సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇవ్వకుండా జీతం కోయరాదన్నది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే వుండేది. 2019 వేతనాల కోడులో కూడా ఆ నియమాన్ని చేర్చారు. ఆ కోతయినా జరిగిన నష్టాన్ని మించరాదు. ట్రాక్టరుతో సేద్యపు పని చేసేవారిని 1923 నాటి నష్టపరిహార చట్టం కూడా పనివారి జాబితాలో చేర్చింది. అంటే ట్రాక్టరు డ్రైవరు ఆసామి దయ మీద బతికేవాడు కాదు, చట్టం గుర్తించిన కార్మికుడు. కాగితం మీది ఈ మాట చేను గట్టు దాకా రాలేదన్నదే మన బాధ.

యంత్రం తెలివి ఎవరి సొత్తు అన్నది కూడా అడగాలి. దుర్గాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థలో మన ఇంజనీర్లు రూపొందించిన చిన్న ట్రాక్టరునే 1974లో పంజాబు ప్రభుత్వ పూనికతో ఏర్పడిన కర్మాగారం స్వరాజ్ పేరుతో బయటికి తెచ్చింది. ఆ చదువుకు ఖర్చయింది ప్రజల సొమ్ము. యాభై హార్స్‌పవరు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చి కంప్యూటరు పంపులు చేరుతున్నాయి. చిన్న బండ్లలో ఎక్కువ భాగం ఇంకా పానాతో విప్పి చూడదగినవే. నేర్చుకోవడానికి ఇదే అదను.

అమెరికాలో కొలరాడో రాష్ట్రపు రైతులు తమ యంత్రాలను తామే బాగుచేసుకునే హక్కు కోసం పోరాడితే అక్కడ 2023లో చట్టం వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, వ్యవసాయ యంత్రాలను అందులో చేర్చింది. మంచిదే. అయితే ఈ హక్కుల మాట అంతా కొన్నవాడి గురించే. దాన్ని రోజుకు పది గంటలు నడిపేవాడి ప్రస్తావన ఎక్కడ?

2014-15 నుంచి అమలవుతున్న కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో యంత్రాలకు రాయితీతో పాటు శిక్షణ కూడా భాగమే. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం వున్నాయి. పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని కర్నూలు దాటి పోతే, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ట్రాక్టర్ల శిక్షణకు, పరీక్షకు కేంద్ర ప్రభుత్వ సంస్థే వుంది. కానీ మేము కలిసిన డ్రైవర్లలో శిక్షణకు పోయినవాడు ఒక్కడు కనబడితే గొప్ప. పట్టా పాసుపుస్తకం లేనివాడిని పిలిచేదెవరు?

అందుచేత మూడు జిల్లాల వ్యవసాయ కార్మికుల తరఫున మేము అడిగేవి ఇవి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట బండి చూసుకునే సమయాన్ని పని గంటల్లో కలిపి కూలి కట్టాలి. బండి చెడితే కారణం తేల్చకుండా, డ్రైవరు మాట వినకుండా కూలి కోయరాదు. బండి చెడి ఆగిన గంటలకు గుత్త కూలీలకు కూడా నిలుపు కూలి ఇవ్వాలి. పాలెంలో గానీ మండల కేంద్రాల్లో గానీ భూమిలేని డ్రైవర్లకు, నేర్చుకోవాలనుకునే ఆడవాళ్లకు కూడా ఏటా వానాకాలానికి ముందే శిక్షణ పెట్టాలి, ఆ రోజుల కూలి నష్టపోకుండా చూడాలి.

సంఘం చేయవలసిన పనీ వుంది. ప్రతి డ్రైవరు జేబులో రెండు రూపాయల నోటుబుక్కు వుండాలి. డీజిల్ ఎప్పుడు పోశాం, ట్యాంకు ఎంత వుంది, ఎన్ని గంటలకు దమ్ము తగ్గింది, ఏ లోడు మీద, ఏ రంగు పొగ, ఎంతసేపటికి తేరుకుంది, ఈ ఆరు సంగతులు రాయాలి. రాయడం రానివాడు రాసేవాడితో రాయించాలి. ఆ పుస్తకం బండికి మందు, మనకు సాక్ష్యం. పంచాయితీలో "వీడు నిద్రపోయిండు" అన్నప్పుడు విప్పి చూపించేది అదే.

ఆ పల్లెలో చివరికి ఏమయింది? పాలిథిన్ కవరు తీసిన రోజు నుంచి బండి ఆగలేదు. పట్టుకున్న రెండు దినాల కూలిని ఆసామి మా ముందే ఇచ్చాడు. దొంగతనం అంటగట్టిన మాటను మాత్రం వెనక్కి తీసుకోవడానికి వారం పట్టింది. గట్టు మీద పోయిన గంటలకు ఆడకూలీలకు ఇంతవరకు పైసా రాలేదు. జబ్బు ఎక్కడుందో చెప్పిన ఆమెకు కూడా రాలేదు. ఆ బాకీ ఇంకా వుంది. వచ్చే వానాకాలం గుత్త మాట్లాడుకునేటప్పుడు ముందు ఆ బాకీ మాట ఎత్తి, తర్వాతే ఎకరాల మాట మాట్లాడాలని అక్కడి కూలీలు కూర్చొని నిర్ణయించుకున్నారు. మిగతా పల్లెల్లో కూడా అలాగే కూర్చోవాలి.